పైకప్పు మీద పేరు రాసుకున్న దొరసాని

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఆ రెండూ ఒంటి చేత్తో చేసి చూపించిన ఒక ఆడమనిషి ఇంటి గురించి ఇవాళ మీతో చెప్పుకోవాలని కూర్చున్నాను. ఆ ఇల్లు ఇంగ్లండులో డెర్బీషైర్ అనే జిల్లాలో ఒక కొండ నెత్తి మీద ఉంది. పేరు హార్డ్‌విక్ హాల్. కట్టించినావిడ పేరు ఎలిజబెత్. అక్కడివాళ్ళు "బెస్ ఆఫ్ హార్డ్‌విక్" అంటారు. మన మాటల్లో చెప్పుకోవాలంటే హార్డ్‌విక్ వారి ఆడపడుచు బెస్ అన్నమాట. 1590లో పునాది పడింది, 1597లో గృహప్రవేశం జరిగింది. నాలుగు వందల ఏళ్ళు దాటినా ఇల్లు చెక్కు చెదరలేదు.

ఇంగ్లండులో ఇలాంటి పల్లెటూరి భవంతులు కొల్లలు. ఎటు వెళ్ళినా ఒక దొరగారి మేడ, చుట్టూ తోట, లోపల నిలువెత్తు పటాలు. మా చిన్నమ్మాయి నాటింగ్‌హామ్‌లో పైచదువు చదివింది. పట్టా ఇచ్చే వేడుకకని మావారూ నేనూ వెళ్ళి మూడు వారాలున్నాం. రెండు మూడు మేడలు చూసేసరికి నాకు అన్నీ ఒకలాగే కనిపించడం మొదలుపెట్టాయి. ఏ గదిలోకి వెళ్ళినా ఈ ప్రభువుగారు ఫలానా యుద్ధం గెలిచారు, ఆ ప్రభువుగారు ఫలానా పదవి చేశారు, ఇదే వరస. "ఇంటి ఇల్లాలి సంగతి ఒక్కరూ చెప్పరేమే?" అన్నాను అమ్మాయితో. "అయితే నిన్నొక చోటికి తీసుకెళ్తాను పద అమ్మా" అంది. నాటింగ్‌హామ్ నుంచి కారులో గంట లోపు ప్రయాణం. ఎమ్‌వన్ అనే పెద్ద రోడ్డు మీద వెళ్తుండగానే కొండ మీద ఇల్లు కనిపిస్తుంది. ఎండ పడితే కిటికీలన్నీ ఒక్కసారి తళుక్కుమంటాయి.

గోడ కన్నా అద్దమే ఎక్కువ

దగ్గరికెళ్ళి చూస్తే ముందు కిటికీలే కళ్ళకి కొడతాయి. గోడ కన్నా గాజే ఎక్కువ అని ఆ చుట్టుపక్కల ఒక ప్రాసమాట కూడా ఉంది. మూడంతస్తుల ఇల్లు. దాని పైన ఇంకో అంతస్తు ఎత్తు లేచిన ఆరు బురుజులు. ఒక్కో బురుజు పిట్టగోడ మీద రాతిలో చెక్కిన రెండు పెద్ద అక్షరాలు, ఇ, ఎస్. వాటి నెత్తిన కిరీటం. ఎలిజబెత్ ష్రూస్‌బరీ అని దానర్థం. ఏ దిక్కు నుంచి వచ్చినా, ఎంత దూరం నుంచి చూసినా ఈ ఇల్లు ఎవరిదో అడగక్కర్లేదు. మనం స్టీలు గిన్నెల మీద పేరు కొట్టించుకుంటామే, ఆవిడ ఇంటి మీదే కొట్టించుకుంది.

ఇప్పుడు మనకి కిటికీ అద్దం అంటే లెక్క లేదు గానీ, ఆ రోజుల్లో గాజు చాలా ఖరీదు. పెద్ద పెద్ద పలకలు చేయడం రాదు. చిన్న చిన్న ముక్కలు కోసి, సీసం పట్టీలతో ఒకదానికొకటి అతికి కిటికీ నింపేవాళ్ళు. మామూలు ఇళ్ళలో చెక్క తలుపులే తప్ప గాజు ఎరగరు. అలాంటి కాలంలో ఇంటి నిండా గాజు పెట్టించడమంటే ఒంటి నిండా నగలు దిగేసుకున్నట్టే.

మరి అంత గాజు పెడితే ఇంటి బరువు మోసేదెవరు? పొగగొట్టాలు ఎక్కడ? అని మావారు అడిగారు. చలిదేశం కాబట్టి గదిగదికీ నెగడు ఉండాలి, నెగడుకి పొగగొట్టం ఉండాలి. ఎక్కువ ఇళ్ళలో అవి బయటి గోడల్లో ఉంటాయి. ఇక్కడ వాటిని ఇంటి మధ్యలో ఉన్న మందపాటి గోడల్లోకి తోసేశారు. దాంతో బయటి గోడలు కిటికీలకి ఖాళీ అయ్యాయి. ఇంకో తమాషా ఉందండోయ్. బయటి నుంచి వరసలన్నీ సమానంగా కనపడాలని కొన్నిచోట్ల ఉత్తుత్తి కిటికీలు కూడా పెట్టారు. బయట అద్దం ఉంటుంది, లోపల గోడే!

ఈ ఇంటికి పటం గీసింది రాబర్ట్ స్మిత్‌సన్ అని చెబుతారు. రాతిపని మేస్త్రిగా మొదలై పెద్ద పెద్ద భవంతులకి ప్లాన్లు గీసే దాకా ఎదిగిన మనిషి. నాటింగ్‌హామ్‌లోనే ఉన్న వోలటన్ హాల్ కూడా ఆయన పనే. అయితే పటం ఆయన గీసినా, పట్టు మాత్రం బెస్‌దే.

నాలుగు పెళ్ళిళ్ళు, నాలుగు ఇళ్ళు

ఈవిడేమీ రాజకుటుంబంలో పుట్టలేదు. ఈ కొండ మీదే ఒక మాదిరి ఆస్తి ఉన్న చిన్న భూస్వామి కూతురు. పసిపిల్లగా ఉండగానే 1528లో తండ్రి పోయాడు. మగపిల్లవాడికి మైనారిటీ తీరేదాకా రాజుగారి తరఫు అధికారులు భూమి మీద పెత్తనం చేసే పద్ధతి ఉండేదట. దాంతో ఇంట్లో ఇబ్బందులు. కలిగినవాళ్ళింట్లో పని నేర్చుకోమని పంపితే అక్కడ పెరిగిందంటారు.

మొదటి పెళ్ళి రాబర్ట్ బార్లో అనే కుర్రవాడితో. 1544లో, అంటే పెళ్ళయిన కొద్దికాలానికే, అతను చనిపోయాడు. భర్త ఆస్తిలో ఆమెకి రావలసిన భాగం అత్తింటివైపు వాళ్ళు ఇవ్వలేదు. ఏళ్ళ తరబడి కోర్టులో పోరాడి రాబట్టుకుంది. ఆడదానికి కాగితం ముక్క విలువేమిటో ఆ వయసులోనే తెలిసొచ్చి ఉంటుంది.

రెండో పెళ్ళి 1547లో సర్ విలియం కావెండిష్‌తో. రాజుగారి ఖజానా చూసే పెద్ద ఉద్యోగి. ఎనిమిది మంది పిల్లలు పుడితే ఆరుగురు దక్కారు. తన జిల్లాలో పొలాలు కొందామని భర్తని ఒప్పించి చాట్స్‌వర్త్ అనే చోట భూమి కొనిపించి అక్కడ పెద్ద ఇల్లు మొదలుపెట్టింది. ఇప్పటికీ ఆ జిల్లాలో చాట్స్‌వర్త్ అంటే చెప్పుకోదగ్గ మేడ. 1557లో ఆయనా పోయాడు. పోతూ పోతూ ఖజానాకి తీర్చవలసిన పెద్ద బాకీ నెత్తిన పెట్టి పోయాడు.

మూడో భర్త సర్ విలియం సెంట్ లో, రాణిగారి అంగరక్షకుల నాయకుడు. ఆయన కూడా కొన్నేళ్ళకే చనిపోయి, ఉన్నదంతా ఈమెకే రాసి వెళ్ళాడు. నాలుగో ఆయన ష్రూస్‌బరీ ప్రభువు జార్జ్ టాల్బట్. దేశంలో పేరున్న సంపన్నుల్లో ఒకడు. ఈయనకీ పిల్లలున్నారు, ఆమెకీ పిల్లలున్నారు. ఆస్తి బయటికి పోకుండా ఆయన కొడుకుకి తన కూతుర్ని, తన కొడుకుకి ఆయన కూతుర్ని ఇచ్చి చేయించింది. కుండమార్పు పెళ్ళిళ్ళు మనకే ఉన్నాయనుకున్నాను, అక్కడా ఉన్నాయన్నమాట!

ఈ నాలుగో సంసారమే కలిసి రాలేదు. 1569లో ఎలిజబెత్ రాణి, స్కాట్లండ్ రాణి మేరీని వీళ్ళింట్లో కాపలాలో పెట్టింది. పేరుకి అతిథి, అసలుకి ఖైదీ. పదిహేనేళ్ళు ఆ ఖైదీ రాణినీ ఆమె పరివారాన్నీ పోషించడంతో ష్రూస్‌బరీ నలిగిపోయాడు. మొదట్లో బెస్, మేరీ ఇద్దరూ ఒక దగ్గర కూర్చుని కుట్టుపని చేసుకునేవాళ్ళట. పోను పోను భార్యాభర్తల మధ్య అనుమానాలు, డబ్బు తగాదాలు. 1584కల్లా ఆయన ఆమెని చాట్స్‌వర్త్‌లో ఉండనివ్వలేదు. తను ముచ్చటపడి కట్టించిన ఇంటి నుంచి, అరవై ఏళ్ళ దరిదాపు వయసులో, బయటికి రావలసి వచ్చింది. పంచాయితీ రాణిగారి దాకా వెళ్ళింది.

ఎక్కడికి వెళుతుంది? పుట్టింటికి. పుట్టిల్లు మాత్రం ఏముంది? అన్నగారు అప్పుల పాలై 1581లో జైలులోనే చనిపోయాడు. ఆ ఆస్తిని బెస్ తన కొడుకు పేరు మీద కొనిపించి ఉంచింది. పుట్టిన ఇంటిని కొనుక్కుని పుట్టింటికి చేరింది. పాత ఇంటికి మార్పులూ చేర్పులూ మొదలెట్టింది. అది ఇంకా పూర్తి కాకముందే 1590 నవంబరులో ష్రూస్‌బరీ కన్నుమూశాడు. ఆ వెంటనే పాత ఇంటికి పక్కనే, కూతవేటు దూరంలో, ఈ కొత్త ఇంటికి పనులు మొదలయ్యాయి.

ఆ తొందర ఎందుకో తెలుసా? అప్పటి ఇంగ్లండు చట్టం ప్రకారం పెళ్ళయిన ఆడదానికి సొంత ఆస్తి అనేదే లేదు. పుట్టింటివాళ్ళు ఇచ్చిందీ, తను సంపాదించిందీ కూడా భర్త చేతిలోకి పోవలసిందే. ఈ పద్ధతిని 1870, 1882 చట్టాలతో మార్చారు. బెస్ కాలానికి అవి ఇంకా మూడు వందల ఏళ్ళ దూరంలో ఉన్నాయి. భర్త పోయిన ఆడదానికి మాత్రం తన భాగం మీద తనకే హక్కు. అంటే, చెప్పుకోవడానికి నోరు రాదు గానీ, విధవరాలైతేనే ఆమె చేతికి తన తాళాలు తనకి వచ్చాయి. రాణిగారి తర్వాత అంతటి కలిగిన ఆడమనిషి దేశంలో లేదని చెబుతారు. ఆ ఇ, ఎస్ అక్షరాలని మళ్ళీ ఒకసారి తలెత్తి చూశాను. వట్టి గొప్ప కోసం చెక్కించిన అక్షరాల్లా అనిపించలేదు.

పద్దుల పుస్తకం

ఈవిడ లెక్కల పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి. ప్రతి పేజీ కూడిక సరిచూసి అడుగున తన సంతకం పెట్టేది. ఇంటి సామాను చాలావరకు తన భూముల్లోదే. రాయి ఆ కొండ కిందే తవ్వారు. సీసం తన గనుల్లోది. గాజు తన బట్టీలో కాచింది. కలప తన తోపుల్లోది. బయట కొనవలసింది తగ్గించుకుని, ఉన్నదాన్ని వాడుకోవడం మనకి కొత్త కాదు కదా. కాకపోతే మనం పెరటి కరివేపాకు దగ్గర చేసే పని ఆవిడ గనుల దగ్గర చేసింది.

ఆ పద్దుల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఏకర్స్ అనే రాతిపనివాడు నల్లరాయి కోయడానికి ఒక యంత్రం తయారుచేశాడు. అందుకు మెచ్చి బెస్ ఆయన భార్యకి గౌను కొనుక్కోమని డబ్బిచ్చింది. మొగుడి తెలివికి పెళ్ళానికి చీర పెట్టడం! ఏ మగ యజమానికైనా ఆ ఆలోచన వస్తుందా చెప్పండి?

1597 అక్టోబరు 4న వాయిద్యాలతో గృహప్రవేశం జరిగింది. అప్పటికి ఆమె వయసు డెబ్బైకి అటూ ఇటూ. మనం అరవై దాటితే "ఇంకేం ఇల్లు, కృష్ణా రామా అనుకోక" అంటాం.

పైకి వెళ్ళేకొద్దీ

ఇంటి లోపల ఒక లెక్క ఉంది. కింద అంతస్తు నౌకర్లకి, వంటకి. కప్పు ఎత్తు తక్కువ. దాని పైది ఇంటివాళ్ళు ఉండడానికి. ఇంకొంచెం ఎత్తు. అన్నిటికన్నా పైది దర్బారుకి, పెద్ద అతిథులకి. అక్కడ కప్పూ ఎత్తే, కిటికీలూ ఎత్తే. ఇప్పుడు ఆ కిటికీలు ఒకదాని మీద ఒకటి ఎందుకు పెరుగుతూ పోయాయో అర్థమైంది కదా?

కింద నుంచి పై దాకా రాతి మెట్ల దారి ఒకటి వంపులు తిరుగుతూ వెళుతుంది. వంటిల్లు ఇంటికి ఒక చివర. విందు జరిగే గది మూడో అంతస్తులో. నౌకర్లు పళ్ళేలు చేత పట్టుకుని వరసగా హాలు దాటి, ఆ మెట్లన్నీ ఎక్కి వడ్డించాలి. "పైకి చేరేసరికి చల్లారిపోదూ?" అన్నాను. చల్లారేదేనట! వేడివేడిగా తినడం కన్నా ఆ ఊరేగింపు చూడడమే వాళ్ళకి మర్యాద. నాకైతే ఆ వంటవాళ్ళ మీదే జాలేసింది.

ఆ పై గది పేరు హై గ్రేట్ ఛాంబర్. ఎలిజబెత్ రాణి ఎప్పటికైనా వస్తుందన్న ఆశతో అలంకరించింది. గోడ పైభాగమంతా సున్నపు గచ్చుతో చేసిన బొమ్మల పట్టీ. అడవి, చెట్లు, జింకలు, వేటాడే కుక్కలు, మధ్యలో డయానా అనే వేట దేవత. ఏబ్రహాం స్మిత్ అనే పనివాడి చేతి పని అది. దాని కింద గోడంతా కప్పేస్తూ నేత తెరలు. టాపెస్ట్రీలంటారు వాటిని. తివాచీని గోడకి వేలాడదీసినట్టుంటాయి. అందానికి అందం, చలికి అడ్డం. ఈ తెరలు ఆమె ముందే, 1587లో కొని పెట్టుకుంది. వాటి కొలతకి సరిపోయేలా గది కట్టించింది. రవికె గుడ్డని బట్టి చీర కొన్నట్టు! అంతా చేసి, రాణిగారు మాత్రం ఒక్కసారి కూడా రాలేదు.

దాని పక్కనే లాంగ్ గ్యాలరీ. పొడవు దాదాపు 160 అడుగులు. వానా మంచూ కురిసే రోజుల్లో ఆడవాళ్ళు అందులోనే అటూ ఇటూ నడిచేవాళ్ళు. ఆ గోడలకి 13 తెరలున్నాయి. బైబిలులో గిడియన్ అనే వీరుడి కథ నేసినవి. వాటి వెనక ఒక ముచ్చట ఉంది. అవి క్రిస్టఫర్ హాటన్ అనే పెద్ద మంత్రి చేయించుకున్నవి. ఆయన అప్పులతో పోతే 1592లో అమ్మకానికి వచ్చాయి. బెస్ 326 పౌన్ల చిల్లరకి బేరమాడింది. తెరల మీద హాటన్ వంశపు గుర్తులున్నాయి, వాటిని మార్పించుకోవడానికి నాకు ఖర్చవుతుంది కదా అని 5 పౌన్లు తగ్గించుకుంది! ఆ తర్వాత కొత్తగా నేయించనూ లేదు. ఉన్ని గుడ్డ మీద తన గుర్తులు రంగులతో వేయించి పాతవాటి మీద అతికించింది. హాటన్ గుర్తు ఆడ లేడి. కావెండిష్ వారి గుర్తు కొమ్ముల దుప్పి. ఏం చేసిందంటారు? ఆ లేడి తల మీద కొమ్ములు పెట్టించేసింది, అంతే! అమ్మాయీ నేనూ నవ్వు ఆపుకోలేకపోయాం.

పాత బట్టలతో కొత్త కథ

కుట్టుపని తెలిసినవాళ్ళు ఈ ఇంట్లో గంటలు గంటలు నిలబడిపోవచ్చు. ముఖ్యంగా ఉత్తమ స్త్రీల తెరలు అని ఉన్నాయి. 1570ల్లో చాట్స్‌వర్త్‌లో ఉండగా చేయించినవి. చర్చిల్లో మతగురువులు వాడిన పాత జరీ అంగీలని కొని, కత్తిరించి, ఆ ముక్కలని ఇంకో గుడ్డ మీద అతికి కుట్టి, పురాణ స్త్రీల నిలువెత్తు బొమ్మలు చేశారు. మన బొంతల పనే. కాకపోతే బంగారు జరీ బొంత!

అందులో పెనెలొపీ అనే గ్రీకు రాణి బొమ్మ దగ్గర చాలాసేపు ఆగాను. భర్త యుద్ధానికి వెళ్ళి ఇరవై ఏళ్ళు రాకపోతే, మళ్ళీ పెళ్ళి చేసుకోమని వెంటపడ్డవాళ్ళకి "ఈ నేత పూర్తయ్యాక చెబుతాను" అని, పగలు నేసింది రాత్రి విప్పుతూ గడిపిన ఇల్లాలు ఆమె. ఆమెకి అటూ ఇటూ ఓర్పు, పట్టుదల అనే ఇద్దరు స్త్రీల బొమ్మలు. ష్రూస్‌బరీతో తగాదా వచ్చినప్పుడు ఇలాంటి తెరలు తనవేనని ఆయన అన్నాడు. బెస్ ఒప్పుకోలేదు. ఈ గుడ్డ నా మూడో భర్త తరఫుది, కుట్టింది నా ఇంటి నౌకర్లూ దాసీలూ, నేను సాకిన పిల్లలూ, పని తెలిసిన బయటి మనిషి ఒక్కరికి మించి ఎప్పుడూ లేరు అని జవాబిచ్చింది. చూశారా, ఆడవాళ్ళ కుట్టుపని కూడా కోర్టు కాగితాలకి ఎక్కింది.

ఇంత ఆడంబరం చేసినా ఆమె సొంత పడకగది మాత్రం మధ్య అంతస్తులోనే, మామూలుగానే ఉంటుంది. 1601లో వీలునామా కోసం ఇంట్లో వస్తువులన్నిటికీ జాబితా రాయించింది. అందులో ఆ గదిలో దుప్పట్ల మీద దుప్పట్లు, మంచానికి తెరలు, గాలి రాకుండా కిటికీలకీ తలుపుకీ కూడా అడ్డంగా కట్టే మందపాటి గుడ్డలూ ఉన్నాయి. అద్దాల మేడ కట్టుకుని చలికి వణికిపోయిందన్నమాట పాపం!

మనవరాలి మాట

ఇంతవరకూ బెస్‌ని మెచ్చుకుంటూ వచ్చాను. కానీ ఈ ఇంట్లో ఇంకో ఆడపిల్ల కథ ఉంది. అది చెప్పకపోతే అన్యాయం.

బెస్ కూతురు ఎలిజబెత్‌ని 1574లో చార్లెస్ స్టువర్ట్ అనే రాజబంధువుకి ఇచ్చి పెళ్ళి చేసింది, రాణిగారి అనుమతి లేకుండానే. మరుసటి ఏడు ఆర్బెల్లా పుట్టింది. రాజరక్తం కాబట్టి సింహాసనానికి దగ్గర వారసురాలు. ఆరేడేళ్ళకే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. అమ్మమ్మే పెంచింది. మంచి చదువు చెప్పించింది. కానీ ఎవరైనా ఎత్తుకుపోయి పెళ్ళి చేసుకుంటే సింహాసనం గొడవ వస్తుందని కంటికి రెప్పలా కాపలా పెట్టింది. పొద్దుపోయాక బయట తిరగనివ్వను, రాత్రి నా గదిలోనే పడుకుంటుంది అని 1592లో పెద్ద మంత్రికి బెస్ ఉత్తరం రాసింది.

ఆర్బెల్లాకి ఇరవై ఏడేళ్ళు వచ్చినా అదే తీరు. పెళ్ళి లేదు, సొంత డబ్బు లేదు, గడప దాటడానికి లేదు. 1602 చివర్లో తన పెళ్ళి తనే కుదుర్చుకోవాలని రహస్యంగా కబురు పంపితే అది బయటపడి రాణిగారి మనుషులు విచారణకి వచ్చారు. 1603లో పారిపోవాలని చూసింది, కుదరలేదు. కోపం వచ్చి అమ్మమ్మ వీలునామాలోంచి ఆమె పేరు కొట్టేయించింది. ఆర్బెల్లా ఆ తర్వాత ఈ ఇంటి నుంచి బయటపడి, తనకి నచ్చినవాణ్ణి పెళ్ళి చేసుకుని, అందుకే ఖైదై, 1615లో లండన్ టవర్‌లో చనిపోయింది.

అమ్మమ్మకి స్వేచ్ఛనిచ్చిన ఇల్లే మనవరాలికి జైలయింది. అవే కిటికీలు, అదే వెలుతురు. తను ఒకరి చెప్పుచేతల్లో నలిగిన మనిషి, తన చేతికి తాళాలొచ్చాక ఇంకొకరి మీద తాళం వేసింది. అత్తా కోడళ్ళ ఇళ్ళలో మనం చూడనిదా ఇది? ఆ గ్యాలరీలో నడుస్తున్నంతసేపూ నాకు ఇదే గుర్తొచ్చింది. మా అమ్మాయి మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకుని నడిచింది.

చిరుగులు కుట్టినవాళ్ళు

బెస్ 1608 ఫిబ్రవరిలో పోయింది. కట్టడం ఆపినరోజున నీకు చావు అని ఎవరో సోదె చెప్పారని, ఆ ఏడు మంచుకి సున్నం గడ్డకట్టి పని ఆగిపోయిన రోజునే ఆవిడ ప్రాణం పోయిందని ఊళ్ళో ఒక కథ. కథే అనుకోండి. డెర్బీ పట్టణంలో, ఇప్పుడు పెద్ద చర్చిగా ఉన్న చోట సమాధి ఉంది. పేదవాళ్ళకి పన్నెండు మందికి నీడ ఇచ్చే సత్రం కూడా ఆ ఊళ్ళో పెట్టించింది.

ఆమె వంశంవాళ్ళు డెవన్‌షైర్ డ్యూకులయ్యారు. వాళ్ళకి చాట్స్‌వర్త్ ముఖ్యమైంది. దాన్ని కూలగొట్టి కొత్త పోకడలో కట్టారు. హార్డ్‌విక్‌ని మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. అదే మంచిదయింది! అందుకే బెస్ నాటి రూపు అలాగే మిగిలింది. అటక మీద మర్చిపోయిన అమ్మమ్మ గంగాళం లాగా.

1938లో తొమ్మిదో డ్యూక్ చనిపోయాక ఆయన భార్య ఈవ్‌లిన్ ఈ ఇంట్లో ఉంది. ఆవిడ స్వయంగా సూదీ దారం పట్టుకుని ఈ పాత తెరలకి చిరుగులు కుట్టేది. తుంగచాపలు కూడా బాగు చేయించేది. 1950లో ఆమె కొడుకు పదో డ్యూక్ హఠాత్తుగా పోయాడు. ఆస్తి ముందే కొడుక్కి మార్చాడు గానీ, పన్ను పడకుండా ఉండాలంటే అయిదేళ్ళు బతకాలి. నాలుగు నెలల లోపు తేడాలో ఆ గడువు తప్పింది. నూటికి ఎనభై వంతులు పన్ను పడింది. ఆ బాకీ కింద 1956లో హార్డ్‌విక్‌ని ప్రభుత్వానికి అప్పజెప్పారు. 1959లో అది నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికి వచ్చింది. మరుసటి ఏడు ఈవ్‌లిన్ కన్నుమూసింది. సొంత ఇంటి మనిషిగా ఇక్కడ ఉన్న చివరావిడ ఆవిడే.

గిడియన్ తెరల సంగతి చెప్పానా? వాటిని బాగు చేయడానికి ట్రస్టువాళ్ళకి 24 ఏళ్ళు పట్టింది! ఒక్కొక్క తెర దించి, దుమ్ము తీసి, బెల్జియం దేశానికి పంపి, సన్నటి నీటి తుంపరతో కడిగించి, మళ్ళీ తెచ్చి, వెనక నారగుడ్డ వేసి పోగుపోగునా కుట్టారు. ఆఖరిది 2023లో పూర్తయింది. పట్టుచీర ఉతకడానికి మనమెంత భయపడతామో తెలుసు కదా, ఇరవై అడుగుల తెర సంగతి ఊహించుకోండి.

పైకప్పు మీద పేరున్నది బెస్ ఒక్కరికే. కానీ లోపల తెరలు ఇంకా గోడకి నిలిచున్నాయంటే, పేరు ఎక్కడా చెక్కని ఆ సూదులవల్లే.

మీ పిల్లలు ఇంగ్లండులో ఉండి, చూడడానికి వెళ్ళే పని పడితే ఈ ఇంటిని మర్చిపోకండి. నాలుగు మాటలు మాత్రం గుర్తుంచుకోండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆ మెట్లు నిదానంగా ఎక్కాలి. ఎండాకాలమైనా స్వెట్టరు చేతిలో ఉండాలి. తెరల రంగు వెలిసిపోకుండా గదుల్లో వెలుతురు తగ్గించి ఉంచుతారు, కళ్ళు అలవాటు పడేదాకా ఒక నిమిషం ఆగండి. పక్కనే పైకప్పు పోయిన పాత ఇంటి మొండిగోడలు కూడా చూడండి. చిన్నపిల్లలుంటే, 2010లో వచ్చిన హ్యారీ పోటర్ సినిమాలో మాల్ఫాయ్ వాళ్ళ మేడగా చూపించింది ఈ ఇంటినే అని చెప్పండి, వాళ్ళే ముందు పరిగెడతారు.

మేం తిరిగి వచ్చేటప్పుడు కారులో మావారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన ఇంటి కాగితాల్లో నీ పేరు కూడా చేర్పించాలి సుమా, వెళ్ళగానే చూద్దాం" అన్నారు. మీ ఇంటి కాగితాలు ఎవరి పేరున ఉన్నాయో, ఎక్కడ ఉన్నాయో మీకు తెలుసా? తెలియకపోతే బీరువా తాళాలు తీసి ఒకసారి చూసుకోండి. మనకి బురుజులు అక్కర్లేదు, కాగితం మీద ఒక వరస చాలు.